పెద్ద చుంచెలుక, చిన్న ఆయువు

కృష్ణా డెల్టా పల్లెలకు హార్మోను అనే మాటను పరిచయం చేసినది చాలావరకు చేపల చెరువే. బొచ్చె, శీలావతి వంటి చేపలు వానాకాలపు వరదలో, పారే నీటిలో గుడ్లు పెడతాయి గాని నిలవనీటి చెరువులో పెట్టవు. 1957 జూలైలో ఒడిశాలో హీరాలాల్ చౌధురి, ఆయన సహచరుడు అలికుంజి కలిసి ఈ చిక్కు విడదీశారు. ఒక చేప మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిని తీసి, నూరి, ఆ రసాన్ని తల్లిచేపకు సూదితో ఎక్కిస్తే ఆ చేప చెరువులోనే గుడ్లు పెట్టింది. తరువాతి కాలంలో కైకలూరు పరిసరాలలో, కొల్లేటి చుట్టుపక్కల వెలసిన హేచరీలకు మూలం ఆ ప్రయోగమే. నేడు చాలాచోట్ల గ్రంథికి బదులు తయారుమందు వాడుతున్నారు. అయినా సూత్రం అదే: గ్రంథి నుంచి రక్తంలోకి చేరే అత్యల్పమైన పదార్థం దూరాన ఉన్న అవయవాన్ని నడిపిస్తుంది.

ఈ మంచి ఉదాహరణ పక్కనే రెండు అపోహలు కూడా పెరిగాయి. బ్రాయిలర్ కోడి నలభై రోజులలో అంత బరువు పెరగడానికి హార్మోను సూదులే కారణమని విజయవాడ బజారులో తరచు వినబడే మాట మొదటిది. ఎదిగే వయసు పిల్లలను పొడుగు చేసే పొడులు, మాత్రలు ఉన్నాయన్నది రెండవది. కోడి విషయంలో జవాబు సులభం. పెరుగుదల హార్మోను ఒక మాంసకృత్తు. మేతలో కలిపితే పప్పు జీర్ణమైనట్లే జీర్ణమైపోతుంది. వేలకొద్దీ కోళ్లకు పదేపదే సూది వేయడం ఏ పెంపకందారుకూ గిట్టుబాటు కాదు. ఆ కోడి పెరుగుదల అనేక తరాల పాటు సాగిన ఎంపిక వలన, మేత వలన వచ్చినది. పొడుల విషయం ఇంత తేలికది కాదు. మనిషి ఎత్తును మారుస్తామనే మందుల ప్రకటనలను 1954 నాటి ఔషధాలు, మాంత్రిక చికిత్సల చట్టం నిషేధించింది; ఆ చట్టపు జాబితాలో ఎత్తు అనే మాట విడిగా ఉన్నది. అయినా ఆ ప్రకటనలు నమ్మేవారు ఉన్నారు. పాఠశాలలో చదువుకున్నవారే వాటిని నమ్ముతున్నారన్నది ఇక్కడ ఆలోచించవలసిన సంగతి.

అందుకు ఒక కారణం పాఠంలోనే కనబడుతుంది. పిట్యూటరీ గురించి పిల్లవాడు నేర్చుకునేది సాధారణంగా ఒక్క వాక్యం: పెరుగుదల హార్మోను తక్కువైతే మరుగుజ్జుతనం, ఎక్కువైతే అతికాయత్వం. పరీక్షకు అది చాలు. కాని ఆ వాక్యాన్ని కంఠస్థం చేసిన పిల్లవాడి మనసులో హార్మోను ఒక ఎరువు వలె నిలిచిపోతుంది. వేస్తే పెరుగుతుంది, మానేస్తే గిడసబారుతుంది. పెరుగుదల మంచిదే కనుక ఎరువూ మంచిదే. ఈ తర్కాన్ని ప్రపంచం ముందు అత్యంత ఆకర్షణీయంగా నిలబెట్టిన ప్రయోగం 1982లో జరిగింది. దానిని తిరగదోడినవి కూడా అదే జాతి ప్రయోగాలే. మొదటి సగానికి వచ్చిన ప్రచారం రెండవ సగానికి రాలేదు.

డెల్టా రైతుకు పందికొక్కు వేరు, ఎలుక వేరు, చుంచెలుక వేరు. ప్రయోగశాలలలో జన్యువులు మార్చడానికి ఎక్కువగా వాడినది వీటిలో కడపటిది. పెద్దదైనా 30 గ్రాముల లోపో, కొంచెం పైనో ఉంటుంది. ఇరవై రోజుల గర్భం, రెండు మూడేళ్ల ఆయువు. ఒక పరిశోధకుడు తన ఉద్యోగకాలంలో దాని జీవితాన్ని పుట్టుక నుంచి చావు వరకు అనేకసార్లు చూడగలడు. వార్ధక్యాన్ని పరిశీలించేవారికి ఇంతకంటె ఏమి కావాలి!

అమెరికాలో రిచర్డ్ పామిటర్, రాల్ఫ్ బ్రిన్‌స్టర్, వారి సహచరులు 1982 డిసెంబరులో నేచర్ పత్రికలో ప్రకటించిన ప్రయోగం ఇది. ఎలుక యొక్క పెరుగుదల హార్మోను జన్యువును వారు తీసుకున్నారు. ఆ జన్యువు ముందు, చుంచెలుకలో లోహాలకు స్పందించే మరొక జన్యువు తాలూకు నియంత్రణ భాగాన్ని అతికించారు. ఇలా కూర్చిన డి.ఎన్.ఎ.ను ఫలదీకరణం చెందిన అండంలోకి, వెంట్రుక కంటె సన్నని గాజునాళంతో ఎక్కించారు. కాలువ తలుపు ఒకరిది, నీరు ఒకరిది అయినట్లున్నది ఈ అమరిక. తలుపు తెరిచేది జింకు. తాగే నీటిలో జింకు లవణం కలిపితే కాలేయం వంటి అవయవాలు కూడా పెరుగుదల హార్మోనును తయారుచేయసాగాయి. సహజంగా దానిని తయారుచేసే పిట్యూటరీ అదుపుతో వాటికి నిమిత్తం లేదు. అలా పుట్టిన 21 పిల్లలలో 7 పిల్లలకు కొత్త జన్యువు చేరింది. ఆ ఏడింటిలో 6 తమ తోబుట్టువుల కంటె స్పష్టంగా పెద్దవయ్యాయి. కొన్ని రెట్టింపుకు దగ్గరగా వచ్చాయి. పక్కపక్కన కూర్చున్న పెద్ద చుంచెలుక, చిన్న చుంచెలుక ఛాయాచిత్రం లోకమంతా తిరిగింది.

ప్రయోగం గొప్పదే. ఒక జంతువు జన్యువు మరొక జాతి జంతువులో చేరి, పనిచేసి, కంటికి కనబడే మార్పు తేగలదని ఇది ఎవరూ కాదనలేని విధంగా చూపింది. విమర్శ ఆ ఛాయాచిత్రాన్ని చదివిన తీరు మీద. అందులోని పెద్ద చుంచెలుక యౌవనంలో ఉన్నది. అది ముసలిది కావడం ఎవరూ ఫొటో తీసి పంచలేదు. ఇటువంటి చుంచెలుకలను తరువాతి సంవత్సరాలలో చాలాచోట్ల పెంచి చూశారు. కాలేయం శరీరానికి తగనంత పెద్దదయింది. మూత్రపిండాల వడపోత గుచ్ఛాలు గట్టిపడి చెడిపోయాయి. ఆడవాటిలో అనేకం గొడ్డుపోయాయి. హార్మోను బాగా ఎక్కువగా ఉన్న వంశాలలో ఆయువు సాధారణ చుంచెలుక ఆయువులో సగానికి దగ్గరగా పడిపోయింది. వెంట్రుకలు రాలడం, వెన్ను వంగడం, సంతానశక్తి తగ్గడం వంటి ముసలితనపు గుర్తులు తొందరగా వచ్చాయి.

రెండవ వైపు నుంచి వచ్చిన సాక్ష్యం ఇంకా విచిత్రమైనది. 1929లో జార్జ్ స్నెల్ వర్ణించిన మరుగుజ్జు చుంచెలుకలు, 1961లో అయోవాలోని ఏమ్స్‌లో కనబడిన మరుగుజ్జులు ఎవరూ తయారుచేసినవి కావు. జన్యువులో సహజంగా వచ్చిన దోషం వలన పుట్టినవి. వాటి పిట్యూటరీ సరిగా ఎదగదు. పెరుగుదల హార్మోనుతోపాటు మరి రెండు హార్మోనులు కూడా లేవు. 1996లో హోలీ బ్రౌన్‌బోర్గ్, ఆండ్రెజ్ బార్ట్కె తదితరులు ఏమ్స్ మరుగుజ్జులు తోబుట్టువుల కంటె సగటున సుమారు ఒక సంవత్సరం ఎక్కువ బతుకుతాయని ప్రకటించారు. రెండేళ్ల జీవికి ఒక సంవత్సరం అంటే సామాన్యం కాదు. అయితే మూడు హార్మోనులు లేనప్పుడు ఏది కారణమో ఎలా చెప్పడం? ఈ సందేహం న్యాయమైనదే. జన్యువును కోరి మార్చే విద్య యొక్క నిజమైన ఉపయోగం ఇక్కడ తెలుస్తుంది. ఒహాయో విశ్వవిద్యాలయంలో జాన్ కాప్చిక్ బృందం 1997లో ఒకే ఒక్క జన్యువును, అనగా పెరుగుదల హార్మోనును అందుకునే గ్రాహకపు జన్యువును పనిచేయకుండా చేసింది. ఆ చుంచెలుకల రక్తంలో హార్మోను సమృద్ధిగా ఉన్నది. అందుకునే కణం మాత్రం లేదు. అవి కూడా మరుగుజ్జులయ్యాయి, అవి కూడా ఎక్కువకాలం బతికాయి. బార్ట్కె ప్రయోగశాలలో అటువంటి చుంచెలుక ఒకటి 1819 రోజులు బతికింది. మరొక్క వారం గడిచి ఉంటే దానికి అయిదేళ్లు నిండేవి. 2003లో దానికి దీర్ఘాయువు బహుమానం కూడా ఇచ్చారు!

కారణమేమిటో విద్యార్థికి ప్రకాశం బ్యారేజి దగ్గర నిలబెట్టి చెప్పవచ్చు. బ్యారేజి వద్ద వదిలిన నీరు నేరుగా ప్రతి మడిలోకీ పోదు. ప్రధాన కాలువ, పిల్ల కాలువ, బోదె దాటి పోతుంది. పిట్యూటరీ వదిలిన పెరుగుదల హార్మోను కూడా చాలావరకు కాలేయాన్ని ప్రేరేపించి ఐ.జి.ఎఫ్.-1 అనే మరొక హార్మోనును పుట్టిస్తుంది. ఎముక చివరల మృదులాస్థిని పెంచడంలో ఆ రెండవదానికి పెద్ద పాత్ర ఉన్నది. అది కణాలకు పెరగమని, విభజన చెందమని చెబుతుంది. పైరు ఎదిగే నెలలలో ఆ మాట అవసరం. ఎదుగుదల ముగిసిన తరువాత కూడా అదే జోరుగా వినబడుతూ ఉంటే కణాలు తమను తాము మరమ్మతు చేసుకునే పని వెనకబడుతుంది, కంతులు పుట్టే అవకాశం పెరుగుతుంది. మరుగుజ్జు చుంచెలుకలలో ఇన్సులిన్ తక్కువ మోతాదులోనే పనిచేస్తుంది. కంతులు ఆలస్యంగా వస్తాయి. కోతకు వచ్చిన చేనులో నీరు నిలబెట్టే రైతు డెల్టాలో లేడు. పోలిక ఇంతవరకే, జీవకణం వరిమడి కాదు.

ఇక చుంచెలుకనే విమర్శించవలసిన చోటు వచ్చింది. 1972లో ఒక పరిశోధక బృందం స్నెల్ మరుగుజ్జులు కొద్ది నెలలకే చనిపోతున్నాయని, రోగనిరోధక శక్తి క్షీణించి అకాల వార్ధక్యం వస్తున్నదని ప్రకటించింది. అంటే నేటి అభిప్రాయానికి సరిగా వ్యతిరేకం! జన్యువు అదే, దోషం అదే. ఆ దశాబ్దంలోనే మరికొందరు పెంచిన మరుగుజ్జులు చాలాకాలం బతికాయి. 2001లో కెవిన్ ఫ్లర్కీ తదితరులు ప్రకటించిన లెక్కలో స్నెల్ మరుగుజ్జుల ఆయువు 40 శాతానికి పైగా ఎక్కువ. తేడా పెంపకంలో ఉన్నదని భావించవలసి వచ్చింది. ఇంత చిన్న శరీరం వేడిని త్వరగా కోల్పోతుంది. తోబుట్టువులతో పోటీపడి తిండికి అందుకోలేదు. కనుక పిల్లలను తల్లి దగ్గర ఎక్కువ రోజులు ఉంచడం, వెచ్చదనం కోసం మామూలు చుంచెలుకను తోడుగా ఉంచడం అవసరమయింది. ఇలా చేసినప్పుడే దీర్ఘాయువు బయటపడింది. గడ్డివాములో, పిల్లి తిరిగే గాదె కింద వదిలితే ఆ మరుగుజ్జుకు ఎన్ని రోజుల ఆయువు ఉంటుందో ఊహించడం కష్టం కాదు. జన్యువు వలన ఆయువు పెరిగిందనే వాక్యానికి పంజరం, వెచ్చదనం, రోజూ అందే మేత అనే షరతులు ఎప్పుడూ వెంట ఉన్నాయి. జనరంజక వ్యాసాలు ముందుగా వదిలివేసేవి ఈ షరతులనే.

మరొక లోపం కూడా చెప్పవలసి ఉన్నది. ఈ చుంచెలుకలలో మార్పు పిండదశ నుంచే ఉన్నది. నడివయసులో హార్మోనును తగ్గిస్తే ఏమవుతుందనే ప్రశ్నకు ఆ ప్రయోగాలు జవాబు చెప్పవు. పైగా ఒకే వంశంలో మేనరికం వలె తరతరాలుగా జతకట్టించిన చుంచెలుకలు జన్యుపరంగా దాదాపు కవలలు. ఒక వంశంలో కనబడినది మరొక వంశంలో అంతే ప్రమాణంలో కనబడకపోవచ్చు.

మన పక్కనే ఉన్న ఉదాహరణను ఇక్కడ గుర్తుచేయడం ఉచితం. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1958లో కూనూరు నుంచి తరలి వచ్చినది. అది అనేక దశాబ్దాలుగా పెంచుతున్న విస్టార్ ఎలుకలలో 1990లలో తమంతట తామే కొన్ని స్థూలకాయపు ఎలుకలు పుట్టాయి. ఎన్.వి. గిరిధరన్, ఆయన సహచరులు వాటిని పారవేయక, విడదీసి వంశాలుగా నిలబెట్టారు. పుట్టినప్పుడు తేడా తెలియదు. అయిదారు వారాలకు లావు కనబడుతుంది. తిండి చాలునని మెదడుకు చెప్పవలసిన లెప్టిన్ అనే హార్మోను వాటి రక్తంలో చాలా ఎక్కువగా ఉన్నది. మెదడు మాత్రం దానిని వినిపించుకోదు. ఈ ఎలుకలు సంతానం కనలేవు, మామూలు ఎలుకల కంటె చాలా ముందుగా చనిపోతాయి. దోషం ఒకవైపు నుంచి మాత్రమే వచ్చిన ఎలుక మధ్యస్థపు బరువుతో ఉంటుంది. అటువంటి రెండింటిని జతకడితే సన్ననివి, మధ్యస్థమైనవి, లావుపాటివి 1:2:1 నిష్పత్తిలో పుడతాయి. బటానీ మొక్కలతోనే మెండెల్‌ను చెప్పి విసిగిన ఉపాధ్యాయునికి ఇంతకంటె దగ్గరి ఉదాహరణ దొరకదు. విదేశపు చుంచెలుకకు వచ్చిన పేరులో పదోవంతు ఈ ఎలుకలకు తెలుగు పాఠశాలలలో రాలేదు.

మనుషుల సంగతి వేరు. పశువుల పెరుగుదల హార్మోను మనిషిపై పనిచేయదు. మనిషిదో, కోతిజాతిదో కావలెను. కనుక 1985 వరకు, హార్మోను లోపంతో పుట్టిన పిల్లల కోసం, చనిపోయిన మనుషుల పిట్యూటరీల నుంచి దానిని తీసేవారు. అలా పొందిన కొందరికి ఏళ్ల తరువాత క్రాయిట్స్‌ఫెల్ట్-యాకోబ్ అనే ప్రాణాంతకమైన మెదడు జబ్బు వచ్చింది. 1985లోనే ఆ పద్ధతి ఆగి, సూక్ష్మజీవులలో తయారుచేసిన హార్మోను వైద్యానికి వచ్చింది. నిజంగా లోపం ఉన్న పిల్లలకు అది వరమే. వైద్యుడు పరీక్షించి, కొలిచి ఇవ్వవలసిన మందు. కాని కావలసినంత దొరకడం మొదలయ్యాక లోపం లేనివారి కన్ను కూడా దానిపై పడింది. 1990లో డానియెల్ రడ్‌మన్ 61 నుంచి 81 ఏళ్ల మధ్య వయసున్న 21 మంది పురుషులను తీసుకుని, వారిలో 12 మందికి ఆరు నెలలు ఈ హార్మోను ఇచ్చాడు. కొవ్వు తగ్గింది, కండ పెరిగింది. పన్నెండు మంది, ఆరు నెలలు. ఈ పునాదిపైన యౌవనాన్ని తిరిగి ఇస్తామనే వ్యాపారం ఒకటి అమెరికాలో మేడలు కట్టింది. ఒళ్లు నీరుపట్టడం, కీళ్లనొప్పులు, రక్తంలో చక్కెర పెరగడం తరువాతి పరీక్షలలో కనబడ్డాయి. ఆయువు పెరిగినట్లు ఎవరూ చూపలేదు. పిట్యూటరీలో కంతి వలన హార్మోను అతిగా ఊరే రోగులు, చికిత్స లేకపోతే, ముందుగానే చనిపోతారని వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. చుంచెలుక చెప్పినదీ అదే.

అలాగని మరుగుజ్జు చుంచెలుకను చూసి హార్మోను లేకపోవడమే దీర్ఘాయువని తిరగరాయడం కూడా తప్పే. గ్రాహకం పనిచేయని మనుషులు ఉన్నారు. 1966లో ఇజ్రాయెల్‌లో జ్వీ లారన్ ఆ లోపాన్ని వర్ణించాడు. దక్షిణ అమెరికాలోని ఈక్వడార్‌లో అటువంటివారు చాలామంది ఉన్నారు. హైమె గెవారా-అగిర్రె వారిలో 99 మందిని 22 ఏళ్లపాటు గమనించి 2011లో ఫలితాలు ప్రకటించాడు. మధుమేహం ఒక్కరికీ లేదు; క్యాన్సరు ఒక్కరికి మాత్రమే వచ్చింది, అదీ ప్రాణం తీయలేదు. అదే కుటుంబాలలోని మామూలు ఎత్తువారిలో రెండు జబ్బులూ ఉన్నాయి. ఇంతవరకు చుంచెలుక మాట నిలిచింది. కాని వారు ఎక్కువకాలం బతకడం లేదు. ప్రమాదాలు, మద్యపానం వంటివి వారిని తీసుకుపోయాయి. వీటి కోసం చుంచెలుక పంజరంలో ఏర్పాటు లేదు.

జన్యువు మార్చిన చుంచెలుక వైద్యానికి నిక్కచ్చిగా ఉపకరించిన ఒక సందర్భం మాత్రం ప్రచారానికి నోచుకోలేదు. 1990 ప్రాంతంలో కాప్చిక్, ఆయన విద్యార్థి వెన్ చెన్ ఆవు పెరుగుదల హార్మోనులోని 119వ స్థానంలో ఉన్న గ్లైసీన్‌ను తీసి మరొక ఎమినో ఆమ్లాన్ని పెట్టి, ఆ జన్యువును చుంచెలుకలలో చేర్చారు. పెద్దవి పుట్టవలసిన చోట చిన్నవి పుట్టాయి. మారిన హార్మోను గ్రాహకాన్ని పట్టుకుంటున్నది గాని పని చేయించడం లేదు; అసలు హార్మోనుకు చోటు ఇవ్వడం లేదు. తాళంలో ఇరుక్కున్న తప్పుడు చెవి వంటిది. పొరపాటు జరిగిందని ఆ చుంచెలుకలను పక్కన పెట్టి ఉంటే కథ అక్కడే ముగిసేది. వారు కారణం వెదికారు. ఆ సూత్రంపై తయారైన పెగ్విసోమాంట్ అనే మందు, హార్మోను అతిగా ఊరి చేతులు, దవడ పెరిగిపోయే రోగులకు 2003లో అమెరికాలో అనుమతి పొందింది. ఈ ఒక్క ఉదంతం పాఠంలో చేరితే హార్మోను, గ్రాహకం, విరోధి అనే మూడు భావనలూ పిల్లవాడికి ఒకేసారి అందుతాయి.

మళ్లీ చెరువు దగ్గరకు వస్తే, 1982 నాటి ఉపాయాన్ని చేపపైన కూడా ప్రయోగించారు. మదురై కామరాజ్ విశ్వవిద్యాలయంలో పాండియన్ బృందం శీలావతి చేపకు దాని పెరుగుదల హార్మోను జన్యువునే అదనంగా చేర్చి, అనేక రెట్లు వేగంగా పెరిగిన చేపలను 2004లో ప్రకటించింది. డెల్టా చెరువులలో పెరిగేవి అవి కావు. 1997లో భువనేశ్వర్ పరిశోధన సంస్థ విడుదల చేసిన జయంతి అనే మెరుగైన శీలావతి రకం కూడా జన్యువు ఎక్కించినది కాదు, ఎంపికతో సాధించినది. చెరువులో చేపను ఏడాది, ఏడాదిన్నరకు పట్టివేస్తారు కనుక దాని మూత్రపిండాలు ముసలితనంలో ఎలా ఉంటాయని రైతు అడగనక్కరలేదు. పిల్లవాడికి పొడుగు పొడి కొనబోయే తండ్రి అడగవలసి ఉన్నది. తరగతిలో 1982 నాటి ఆ ఛాయాచిత్రాన్ని చూపించే ఉపాధ్యాయుడు, ఎవరిది పెద్ద శరీరం అని అడిగి ఊరుకోకుండా, మరొక ప్రశ్న వేసి పిల్లలను కాసేపు వాదించుకోనివ్వవచ్చు: ఈ రెండింటిలో రెండేళ్ల తరువాత బతికి ఉండేది ఏది?